మూగబోయిన షాకబ్జర్

షాకబ్జర్ అన్న పేరులోనే పొరపాటు ఉంది. చక్రం గుంతలో పడినప్పుడు దెబ్బను మింగేది స్ప్రింగు. అది అణిగి, ఆ దెబ్బను తనలో దాచుకుని, మరుక్షణం పైకి తన్నుతుంది. మళ్లీ అణుగుతుంది, మళ్లీ తన్నుతుంది. అలా వదిలేస్తే బండి ఊయలలా ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును చంపడమే షాకబ్జర్ పని. గొట్టంలో పిస్టన్ పైకీ కిందికీ కదిలినప్పుడల్లా లోపలి ఆయిల్ సన్నటి రంధ్రాల్లోంచి, కవాటాల్లోంచి బలవంతాన దూరిపోవాలి. ఆ పెనుగులాటలో ఊపంతా వేడిగా మారి గొట్టం గోడల మీదుగా గాలిలో కలిసిపోతుంది. ఫ్రెంచివాళ్లు దీన్ని అమోర్తిసోర్ అంటారు, చావుకు సంబంధించిన ధాతువు నుంచి పుట్టిన మాట. బ్రిటిష్ ఇంజనీర్లకు ఇది డాంపర్. మన దాకా వచ్చింది మాత్రం దెబ్బను పీల్చుకునేది అన్న అర్థమిచ్చే పేరు. ఆ పేరును నమ్మినవాళ్లు కుదుపులు ఎక్కువైతేనే షాకబ్జర్ పోయిందనుకుంటారు. నిజానికి అరుగుతున్న షాకబ్జర్ మొదట్లో బండిని మెత్తగా చేస్తుంది. అడ్డుకునే బలం తగ్గినకొద్దీ స్ప్రింగు స్వేచ్ఛగా కదులుతుంది. ‘బండి భలే మెత్తగా పోతోంది’ అనుకునే రోజుల్లోనే అది పాడవుతూ ఉండవచ్చు. షాకబ్జర్ ఎప్పుడు మార్చాలో తెలియడం లేదంటే యజమాని అజాగ్రత్త అంటారు, మెకానిక్ చెప్పలేదంటారు. నూట ఇరవై ఏళ్ల చరిత్ర చూస్తే ఆ నింద అన్యాయమనిపిస్తుంది. ఒకప్పుడు ఈ పనిముట్టు తన బాగోగులు తానే చెప్పుకునేది. దాన్ని మెరుగుపరుస్తూ పోయిన ప్రతి అడుగులోనూ దాని గొంతు కొంచెం కొంచెంగా నొక్కేశాం.

కార్లకు ముందునుంచీ మొదలుపెట్టాలి. మన ఎద్దుబండికి స్ప్రింగు లేదు. ఇరుసు మీదే బండి, బండి మీదే మనిషి. జట్కాకు మాత్రం ఇనుప కమాన్లు ఉండేవి. ఆ కమాను వెనక లండన్ బండ్ల తయారీదారు ఒబడయా ఇలియట్ 1804లో పేటెంటు పొందిన పని ఉంది. పట్టీల మీద పట్టీలు పేర్చి కట్టిన స్ప్రింగుల మీద నేరుగా బండిని నిలబెట్టాడాయన. కమాన్ కట్టలో ఒక రహస్యం ఉంది. అది వంగినప్పుడల్లా పట్టీ మీద పట్టీ ఒరుసుకుంటుంది. ఆ రాపిడే ఊపును కొంత చంపేస్తుంది. అంటే కమాన్ కట్టలో స్ప్రింగూ షాకబ్జరూ ఒకే ఇనుములో కలిసి ఉన్నాయి. గుర్రం వేగానికి అది చాలు. అరిగితే, తుప్పు పడితే, పట్టీ విరిగితే కంటికి కనిపించేది, కిర్రుమని చెవికి వినిపించేది. ఈనాటికీ లారీ డ్రైవరు బండి చుట్టూ ఒకసారి తిరిగి, వంగి చూసి కమాన్ పట్టీ విరిగిందని చెప్పేయగలడు. అదే డ్రైవరును షాకబ్జర్ సంగతి అడగండి, ఆలోచనలో పడతాడు.

మోటారు వచ్చాక కమాను రాపిడి చాలలేదు. వేగం పెరిగేసరికి చక్రాలు నేల విడిచి ఎగరసాగాయి. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో ఫ్రాన్స్‌కు చెందిన జూల్ ట్రూఫో తయారుచేసిన సాధనాన్ని ఎడ్వర్డ్ హార్ట్‌ఫర్డ్ అమెరికాకు తీసుకెళ్లి ట్రూఫో-హార్ట్‌ఫర్డ్ పేరుతో అమ్మాడు. కత్తెర తెరిచినట్టు రెండు చేతులు. ఒకటి చట్రానికి, ఒకటి ఇరుసుకు. రెండూ కలిసే చోట రాపిడి బిళ్లలు, వాటిని అదిమిపట్టే బోల్టు. చక్రం కదిలితే కత్తెర తెరుచుకుంటుంది, బిళ్లలు ఒరుసుకుంటాయి, ఊపు చస్తుంది. బండి ఎక్కువ ఊగుతోందా, బోల్టు బిగించు. మరీ బిర్రుగా ఉందా, వదులు చెయ్యి. బెంట్లీలు, బుగాట్టీలు ఇలాంటివాటి మీదే పరుగెత్తాయి. బ్రిటన్‌లో ఆండ్రే టెలికంట్రోల్ అనే రకంలోనైతే డ్రైవరు తన సీట్లోంచే బిగువు మార్చుకోవచ్చు. ఆ యుగంలో షాకబ్జర్ అరిగిందా అన్నది విడిగా అడగాల్సిన ప్రశ్నే కాదు. స్పానరు పట్టుకున్న చేతికే జవాబు తెలిసేది. ఎన్ని మరలు తిప్పినా బిగియడం లేదంటే బిళ్లలు అయిపోయినట్టే.

మరోపక్క 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీకి కంపెనీ షాకబ్జర్లు ఇవ్వనేలేదు. దాదాపు 1.5 కోట్ల బండ్లు అమ్ముడుపోయాయి, కావాలనుకున్నవాళ్లు బయట కొని బిగించుకున్నారు. క్లీవ్‌లాండ్‌లో క్లాడ్ ఫోస్టర్ అనే ఆయన దేవదూత గేబ్రియల్ పేరుతో మొదట హారన్లు అమ్మి, తర్వాత స్నబ్బర్ అనే పట్టీ యంత్రాన్ని అమ్మాడు. చట్రం పైకి తన్నినప్పుడు పట్టీ బిగుసుకుని ఆపేది. 1961లో ముంబయిలో మొదలైన గేబ్రియల్ ఇండియా పేరు ఆ మూలం నుంచి వచ్చిందే. మన మెకానిక్ షాపుల గోడల మీద కనిపించే ఆ పేరు వెనక ఒక పట్టీ, ఒక హారను ఉన్నాయి. సొంత డబ్బు పెట్టి, విడిగా కొని, తన చేత్తో బిగించుకున్న వస్తువును మనిషి గమనించకుండా ఉండడు. షాకబ్జర్ బండితోపాటే రావడం మొదలయ్యాక ఆ గమనింపూ పలచబడింది.

1928 మోడల్‌గా ఫోర్డ్ తెచ్చిన మోడల్ ఏకి నాలుగు మూలలా హూడాయ్ షాకబ్జర్లు వచ్చాయి. మోరిస్ హూడాయ్ ఫ్రెంచివాడు. రాపిడి బిళ్లల స్థానంలో ద్రవాన్ని పెట్టాడు. చట్రానికి బిగించిన గుండ్రటి పెట్టె, దాన్లోంచి బయటికి చాచిన చెయ్యి, ఆ చెయ్యి ఊగినప్పుడు లోపలి రెక్కలు గ్లిజరిన్‌ను తోస్తాయి. చలికాలానికో రకంగా, వేసవికో రకంగా సర్దుకునేందుకు సూది కవాటం కూడా ఉండేది. ఈ ‘చెయ్యి’ రకం షాకబ్జర్లు దశాబ్దాలపాటు బతికాయి. 1948లో పుట్టిన మోరిస్ మైనర్‌కు ఇవే. ఆ మైనర్ మన దేశంలో బేబీ హిందుస్థాన్‌గా కొన్నాళ్లు నడిచింది. ఎంజీబీ కారు ముందు చక్రాలకు 1980లో ఉత్పత్తి ఆగేదాకా ఇవే ఉన్నాయి. వీటిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది పైన ఉండే చిన్న మరబిరడా. దుమ్ము తుడిచి, దాన్ని విప్పి, లోపల ఆయిల్ ఎంతుందో చూడవచ్చు. తగ్గితే పోయవచ్చు. ఒక పక్క చెయ్యి విడదీసి చేత్తో కిందికీ పైకీ ఆడించవచ్చు. అంతటా ఒకే బరువుగా కదిలితే బాగున్నట్టు. మధ్యలో ఎక్కడైనా గాలి మింగినట్టు ఖాళీగా జారితే ఆయిల్ తక్కువైనట్టు, బిరడా విప్పి పోయాల్సిందే. ఇంత సూటిగా జవాబిచ్చే షాకబ్జర్ ఆ తర్వాత రాలేదు.

మలుపు 1930ల్లో వచ్చింది. 1934లో జనరల్ మోటార్స్ తన కార్ల ముందు చక్రాలను ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా కదిలేలా చేసింది. ఇరుసు పోయింది, చాలా మోడళ్లలో కమాన్ కట్ట స్థానంలో చుట్ట స్ప్రింగు వచ్చింది. రోల్స్ రాయిస్ నుంచి క్యాడిలాక్‌కు వచ్చిన మోరిస్ ఓలీ వంటి ఇంజనీర్లు ప్రయాణపు హాయిని లెక్కల్లోకి దించిన కాలమది. చుట్ట స్ప్రింగులో పట్టీలు లేవు, పట్టీలు లేకపోతే రాపిడి లేదు, రాపిడి లేకపోతే ఊపును చంపే బాధ్యతంతా షాకబ్జర్ మీదే పడింది. అప్పటిదాకా కమానుకు సాయంగా ఉన్నది ఇప్పుడు ఒంటరిగా మోయాల్సి వచ్చింది. సరిగ్గా అదే రోజుల్లో పొడవాటి గొట్టం రూపంలో, నేరుగా కుదుపు దారిలోనే నిలబడే టెలిస్కోపిక్ షాకబ్జర్ వ్యాపించసాగింది. చౌక, తేలిక, ఆయిల్ ఎక్కువ పడుతుంది, వేడి తొందరగా పోతుంది. కాని దానికి బిరడా లేదు. ఫ్యాక్టరీలోనే ఆయిల్ నింపి సీలు వేసేస్తారు. 1950ల్లో ఫ్రాన్స్‌లో బూర్సియే ద కార్బోన్ ఒకే గొట్టంలో ఒత్తిడితో గ్యాసు నింపే పద్ధతి తెచ్చాడు. 1957 నుంచి బిల్‌స్టైన్ దాన్ని మెర్సిడెస్ కార్లకు అందించింది. ఆయిల్‌లో గాలి బుడగలు కలిసి నురగలా మారే జబ్బుకు అది మంచి మందు. అయితే గ్యాసు ఉన్నదాన్ని విప్పడం మరీ ప్రమాదం, కాబట్టి ఇక ఎవరూ విప్పరు. బాధ్యత పెరిగిన వస్తువు, అదే సమయంలో నోరు మూసుకుంది.

అంతటితో ఆగలేదు. చెవ్రొలే కేడెట్ అనే చిన్నకారు కోసం పనిచేసిన ఎర్ల్ మెక్‌ఫర్సన్, ఆ పథకం 1947లో ఆగిపోయాక ఫోర్డుకు మారి, షాకబ్జర్‌నూ స్ప్రింగునూ చక్రాన్ని నిలబెట్టే స్తంభాన్నీ ఒక్కటి చేశాడు. అదే స్ట్రట్. 1950లో బ్రిటన్‌లో ఫోర్డ్ కాన్సల్, జెఫిర్ కార్లకు అది వచ్చింది. మన దేశంలో లక్షలాది కుటుంబాలకు స్ట్రట్‌ను పరిచయం చేసింది 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800. అప్పటిదాకా మన రోడ్ల మీద ముందు టార్షన్ బార్లు, వెనక కమాన్ కట్టలు ఉన్న అంబాసిడర్లదీ, వెనక కమాన్ కట్టలున్న ఫియట్లదీ రాజ్యం. వాటిలో షాకబ్జర్ విడిగా బోల్టులతో వేలాడే గొట్టం, సగంపూట పని. స్ట్రట్ అలా కాదు. ముందు చక్రం ఎటు వాలాలో, ఏ కోణంలో నిలబడాలో నిర్ణయించేదీ అదే. మార్చాలంటే చుట్ట స్ప్రింగును బిగించిపట్టే పరికరం కావాలి, అది జారితే ప్రాణం మీదికి వస్తుంది. మార్చాక అలైన్‌మెంట్ చూడాలి. పైన మౌంటు, బేరింగు, కింద బుష్షు కూడా అరిగి ఉంటాయి. ఖర్చు పెరిగింది, పని పెరిగింది, కాబట్టి వాయిదా వేయడమూ పెరిగింది. వాయిదా వేయాలనుకునే మనిషికి, మౌనంగా ఉండే వస్తువు కంటే అనుకూలమైనది ఏముంటుంది?

మరి బానెట్ నొక్కి చూడటం లేదా అని ఎవరైనా అడగవచ్చు. మూల మీద రెండు చేతులూ వేసి, బరువంతా మోపి రెండుమూడుసార్లు నొక్కి వదలడం, బండి ఒక్కసారి లేచి ఆగితే మంచిది, రెండుమూడుసార్లు ఊగితే షాకబ్జర్ పోయినట్టు. తరాలుగా మెకానిక్కులు చేస్తున్నదే. ఆ పరీక్షను తీసిపారేయను. పూర్తిగా చచ్చిన షాకబ్జర్‌ను అది పట్టుకుంటుంది. కాని సగం చచ్చినదాన్ని పట్టుకోలేదు, కారణం ఊపుల లెక్కలో ఉంది. కారు పైభాగం సహజంగా సెకనుకు 1 నుంచి 1.5 సార్లు ఊగుతుంది. మన చేతులు కదిలించేది దాన్నే. చక్రం మాత్రం సెకనుకు 10 నుంచి 15 సార్లు ఎగురుతుంది. టైరు నేలను పట్టుకుని ఉండాలా వదిలేయాలా అన్నది తేలేది ఆ రెండో ఊపులో. ఆ వేగాన్ని ఏ చెయ్యీ అందుకోలేదు. పైగా ఇప్పటి షాకబ్జర్లను నెమ్మది కదలికలకు బిర్రుగా ఉండేలా చేస్తారు, స్ట్రట్‌లో పక్కకు తోసే బలం వల్ల రాడ్డుకూ బుష్షుకూ మధ్య రాపిడి అదనం. లోపలి కవాటాలు అరిగిన స్ట్రట్ కూడా ఆ రాపిడి పుణ్యాన చేతి పరీక్షలో నెగ్గేస్తుంది. ఈ పరీక్ష మెత్తటి స్ప్రింగుల, చెయ్యి షాకబ్జర్ల కాలానికి సరిపోయింది. వస్తువు మారినా పరీక్ష మారలేదు.

ఇంకొందరు కిలోమీటర్ల లెక్క చెబుతారు. 80 వేల కిలోమీటర్లు తిరిగితే మార్చేయమంటారు. ఆ అంకె మన రోడ్ల మీద ఎవరో కొలిచి తేల్చింది కాదు. అమెరికా వ్యాపారంలో ఏళ్లుగా చెప్పుకునే 50 వేల మైళ్ల సలహాకు కిలోమీటర్ల రూపం మాత్రమే. నునుపైన హైవే మీద తిరిగే కారుకు అది తొందరపాటు కావచ్చు, మనకు ఆలస్యం కావచ్చు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పుతో, 10 సెంటీమీటర్ల ఎత్తుతో, 25 కిలోమీటర్ల వేగంతో దాటేటట్టు ఉండాలి. ఊరి మొదట్లో, బడి ముందర, గుడి మలుపులో రాత్రికి రాత్రి పోసిన మిట్టలను ఈ కొలతతో పోల్చి చూసినవాడికి 80 వేలు అన్న మాట ఎంత అరువు సరుకో అర్థమవుతుంది. ఇక్కడే అసలైన ఆక్షేపణ ఒకటుంది. మార్చమనేది అమ్మేవాళ్లే కదా, ఈ భయమంతా వ్యాపారం కోసమే కదా అని. అందులో నిజం లేకపోలేదు. కిలోమీటర్ల సలహా వల్ల లాభపడేది తయారీదారులే. అందుకే అంకెను పక్కనపెట్టి బండి చూపించే ఆనవాళ్లను నమ్మాలి అంటున్నాను. టైరు దేన్నీ అమ్మదు, ఆయిల్ మరక ఎవరి తరఫునా వాదించదు.

ఆ ఆనవాళ్లేమిటో దగ్గరగా చూడాలి. ముందు ఆయిల్. రాడ్డు గొట్టంలోకి దిగే చోట సన్నటి చెమ్మ ఉంటే కంగారుపడక్కర్లేదు. సీలు అరగకుండా ఉండాలంటే రాడ్డుకు ఆ మాత్రం తడి అంటుకునే ఉండాలి. ఆ తడి కిందికి జారి, గొట్టం సగం దాకా పాకి, దాని మీద దుమ్ము పట్టి, వేలితో గీస్తే నల్లటి ముద్దలా ఊడి వస్తుంటే సీలు పోయింది. ఆయిల్ బయటికి వచ్చిందంటే ఆ స్థానంలోకి గాలి వెళ్లింది, గాలిని పిండి ఊపును చంపలేం. విప్పి చేతిలోకి తీసుకున్న గ్యాసు షాకబ్జర్‌ను నేల మీద నిలబెట్టి నొక్కి వదిలితే రాడ్డు తనంత తానే మెల్లగా పైకి రావాలి. అణిగినది అణిగినట్టే ఉండిపోతే లోపలి గ్యాసు తప్పించుకుపోయింది. ఆయిల్ ఒక్క చుక్క కారకుండానే కవాటాలు అరిగిపోయిన షాకబ్జర్ కూడా ఉంటుంది, మరక కోసం మాత్రమే చూసేవాళ్లకు అది దొరకదు. దాన్ని పట్టించేది టైరు. షాకబ్జర్ బలం తగ్గితే చక్రం నేలను తాకుతూ వదులుతూ ఎగురుతుంది. తాకిన చోట అరుగుతుంది, వదిలిన చోట అరగదు. కొన్ని వేల కిలోమీటర్లకు టైరు చుట్టూ చిన్న చిన్న పల్లాలు పడతాయి. అరచేయి పరిచి టైరు చుట్టూ నిమిరితే ఎగుడుదిగుళ్లు అలల్లా తగులుతాయి. అలైన్‌మెంట్ తప్పు వల్ల వచ్చే అరుగుదల అంచు పొడవునా ఒకేలా ఉంటుంది, గాలి తక్కువైతే రెండంచులూ అరుగుతాయి. అక్కడక్కడా, విరామాలతో అరిగితే బ్యాలెన్సింగ్‌నూ బేరింగునూ చూసి, అవి బాగుంటే అనుమానం షాకబ్జర్ మీదికే పోవాలి.

డ్రైవింగులోనే తెలిసిపోదా అంటే, తెలియకపోవడానికే అవకాశం ఎక్కువ. రోజూ కళ్లముందు తిరిగే పిల్లవాడు పొడుగైన సంగతి ఇంట్లోవాళ్లకు కాక, ఆర్నెల్ల తర్వాత వచ్చిన మేనమామకు కనిపిస్తుంది. షాకబ్జర్ కూడా ఒక్కరోజులో పోదు, రోజుకు కాస్త చొప్పున పోతుంది. డ్రైవరు చేతులు, నడుము ఆ మార్పుకు అలవాటు పడిపోతాయి. మలుపులో కొంచెం ముందే వేగం తగ్గించడం, స్టీరింగును మాటిమాటికీ సర్దడం అన్నీ తెలియకుండానే జరిగిపోతాయి. అదే మోడల్ కొత్త బండిని ఒక పది కిలోమీటర్లు నడిపి మళ్లీ తన బండెక్కినప్పుడు తేడా తెలుస్తుంది. స్పీడ్ బ్రేకర్ దిగాక బండి ముక్కు ఒకసారి లేచి కుదురుకుంటోందా, రెండోసారి కూడా తలూపుతోందా గమనించవచ్చు. బ్రేకు తొక్కితే ముక్కు నేలలోకి దిగిపోతున్నట్టుంటే, గుంతల రోడ్డు మీద బ్రేకు వేసినప్పుడు బండి ఆగకుండా జారుతున్నట్టుంటే అది హాయికి సంబంధించిన విషయం కానేకాదు. గాలిలో ఉన్న టైరుకు బ్రేకు పట్టదు. ఏబీఎస్ ఉన్న బండి కూడా చక్రం వేగాన్ని చూసే పనిచేస్తుంది, ఎగిరే చక్రం దాన్ని తికమకపెడుతుంది. గతుకుల మీద ఆగే దూరం పెరిగేది అందుకే. షాకబ్జర్ విలాస వస్తువన్న అభిప్రాయం మన దగ్గర చాలా మందికి ఉంది. అది పోవాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

ఈ మౌనాన్ని ఛేదించే ప్రయత్నం యూరప్‌లో జరిగింది. షాకబ్జర్ల తయారీదారుల సంఘం యుసామా 1976లో ఒక పరీక్ష పద్ధతి ఇచ్చింది. చక్రాన్ని ఇనుప పలక మీద నిలబెట్టి, పలకను సెకనుకు 25 సార్లు ఆడించి, ఆ వేగాన్ని తగ్గించుకుంటూ వస్తారు. చక్రం ఎగిరే ఊపు దాటుతున్నప్పుడు టైరు పలకను ఎంత బలంగా అదిమి ఉంచిందో, కదలకుండా ఉన్నప్పటి బరువుతో పోల్చి శాతంలో చెబుతారు. మనిషి చెయ్యి అందుకోలేని ఊపును అందుకున్న పద్ధతి ఇది, ఆ మేరకు గొప్పదే. దీనికీ ఆక్షేపణలు ఉన్నాయి. టైరులో గాలి తేడా ఉంటే అంకె మారిపోతుంది, వెనక తేలికగా ఉండే చిన్న కార్లకు బాగున్నా తక్కువ శాతం వస్తుంది. మన దేశంలోనైతే సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ 15 ఏళ్లలో ఫిట్‌నెస్ పరీక్ష తప్పనిసరి కాదు. అంటే ఒక కారు తన మొదటి షాకబ్జర్ల మీదే, వాటిని ఎవరూ ఒక్కసారి కూడా పరీక్షించకుండానే పాత బండి అయిపోవచ్చు. ఎలక్ట్రానిక్స్ అయినా ఈ మౌనాన్ని ఛేదిస్తుందా అంటే, అదీ లేదు. 2002లో క్యాడిలాక్ సెవిల్‌కు అయస్కాంత ద్రవంతో, సెన్సర్లతో నడిచే షాకబ్జర్లు వచ్చాయి, ఇప్పుడు ఖరీదైన కార్లలో ఎలక్ట్రానిక్ రకాలు మామూలైపోయాయి. డ్యాష్‌బోర్డు మీద దీపం వెలిగేది చాలావరకు తీగ తెగితేనో, సెన్సరు చెడితేనో. లోపల కవాటం మెల్లగా అరిగిన సంగతి ఆ దీపానికి చేరదు. అంత ఖరీదైన బండిలోనూ చివరికి టైరు మీద అరచేయి వేసి నిమరాల్సిందే.